అట్ట లేని నవలలు

పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన ఫోను పెట్టుకుని కూర్చోవడం ఈమధ్య నాకు అలవాటైపోయింది. రిటైరయ్యాక కొందరు నడకలో పడతారు, కొందరు మొక్కల్లో పడతారు. నేను పాత డిటెక్టివ్ నవలల ముఖచిత్రాల్లో పడ్డాను. ఈ పిచ్చి ఉన్నవాళ్ళందరం కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. జేబులో పట్టేంత సైజులో, చవక కాయితం మీద అచ్చయి, ఒకప్పుడు ప్రతి రైల్వే స్టేషన్లోనూ బస్టాండులోనూ వేలాడిన ఆ నవలలు ఇప్పుడు దాదాపు కనిపించవు. ఎవరింటి అటక మీదో ఒక అట్ట దొరికితే దాన్ని స్కాన్ చేసి గ్రూపులో పెడతారు. ఇక ఆ రోజంతా మాకు పండగే. బొమ్మలో ఆ అమ్మాయి తుపాకీ పట్టుకున్న తీరు గురించి, ఆమె ముడి గురించి, వెనకాల ఉన్న కారు ఏ మోడలో అన్న దాని గురించి పెద్దమనుషులం పనులు మానుకుని వాదించుకుంటాం. మా ఆయన పేపరు మడిచి, "ఈ వయసులో హత్యలేంటి నీకు?" అంటారు. హత్యలు కాదండీ, అట్టలు అంటాను. ఆయనకి తేడా తెలియదు.

ఆమధ్య ఒక రోజు గ్రూపులో ఒక అట్ట వచ్చింది. కింద నుంచి టార్చిలైటు వేసినట్టు ఆకుపచ్చగా వెలుగుతున్న ఒక మొహం, దాని ముందు గుండె మీద చెయ్యేసుకుని మెట్లు దిగుతున్న ఒక అమ్మాయి. ఆమెది నీలం చీర. పెదాల ఎరుపు అచ్చులో కాస్త పక్కకి జరిగి బుగ్గ మీద పడింది. పిఠాపురంలో మెడికల్ షాపు నడిపే ఒకాయన ఆ బొమ్మ పెట్టి, ఈ నవల ఎవరైనా చదివారా, పుస్తకం ఎక్కడా దొరకడం లేదు, కథ తెలిస్తే చెప్పగలరు అని అడిగారు. ఆ పచ్చ మొహాన్ని నేను గుర్తుపట్టకపోవడమేంటి! ఆత్రం ఆపుకోలేక, "హంతకుడు కాంపౌండరు" అని కొట్టేశాను. గ్రూపంతా ఒకటే గగ్గోలు. "కథ అడిగితే హంతకుణ్ణి చెప్పేశారేంటండీ!" అని ఒకరు, "పోనీ ఇప్పుడైనా కథ చెప్పండి" అని ఇంకొకరు. కథ నాకు తెలియదని రాశాను. ఎవరూ నమ్మలేదు. అట్ట తెలుసు, హంతకుడు తెలుసు, మధ్యలో కథ మాత్రం తెలియదంటే ఎవరు నమ్ముతారు? కానీ అదే నిజం. అలాంటి నవలలు నాకు లెక్కలేనన్ని తెలుసు. అది ఎలా సాధ్యమో చెప్పాలంటే మా అత్తయ్య గురించి చెప్పాలి.

అత్తయ్య మా నాన్న చెల్లెలు. మా ఊళ్ళో కాలేజీ లేక, ఇంటర్ చదివిన రెండేళ్ళూ నేను ధవళేశ్వరంలో వాళ్ళింట్లో ఉన్నాను. మావయ్య ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. గోదావరి పెరిగితే ఆయన ఇంటికి రావడం తగ్గిపోయేది, తగ్గితే పెరిగేది. వాళ్ళకి ఒక కూతురు, అప్పటికి పలకా బలపం వయసు. అత్తయ్య హెడ్‌మాస్టారుగా చేసిన మా తాతయ్యకి కూతురు, చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. నూలు చీర కట్టి, జుట్టు నున్నగా దువ్వి ముడేసుకుని నడిచొస్తుంటే ఎదురొచ్చినవాళ్ళు సైకిలు దిగేవారు. అంతటి మనిషికి ఒక్కటే బలహీనత. హత్యలు. రోజుకో హత్య లేకపోతే ఆవిడకి అన్నం సయించేది కాదు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, వెనక గుమ్మంలో గడప మీద కూర్చుని, కాళ్ళు పెరట్లోకి చాపుకుని నవల తెరిచిందంటే ఇల్లు కూలినా తల ఎత్తేది కాదు. మావయ్య ఎప్పుడూ ఒక్క పుస్తకమైనా ముట్టుకోలేదు గానీ, భోజనాల దగ్గర కూర్చుని చాలా శ్రద్ధగా, "ఇవాళ ఎంతమంది పోయారు?" అని అడిగేవాడు. "ఇద్దరు. మూడో ఆయన ఆస్పత్రిలో ఉన్నాడు, రేపటిదాకా చెప్పలేం" అనేది అత్తయ్య పప్పు వడ్డిస్తూ. మావయ్య అయ్యో పాపం అనుకుంటూ పప్పు కలుపుకునేవాడు.

ఆదివారం మాత్రం నవల ముట్టుకోకూడదని ఆవిడ నియమం పెట్టుకుంది. శనివారానికి హంతకుడు దొరికిపోతే బాగానే ఉండేది. దొరక్కపోతేనే చిక్కు. చర్చిలో ప్రసంగం జరుగుతున్నంతసేపూ కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చునేది. ఆ భక్తి చూసి పాస్టరుగారి భార్య మా అందరికీ ఆవిడని ఉదాహరణగా చెప్పేవారు. ఇంటికొచ్చే దారిలో అత్తయ్య నా చెయ్యి గిల్లి, "ఆ వంటవాడి మీదే నాకు అనుమానమే" అనేది.

పుస్తకాలు తెచ్చే పని నాది. కాలేజీ వదిలాక రాజమండ్రి కోటిపల్లి బస్టాండుకి వచ్చి ధవళేశ్వరం బస్సెక్కాలి. బస్టాండు దగ్గరే ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. ఆ షాపాయన సన్నగా, ఎప్పుడూ వేళ్ళకి జిగురుతో ఉండేవాడు. కొత్త నవలల కట్ట రాగానే ఆయన చేసే మొదటి పని ఏంటంటే, ఒక్కోదాని అట్ట చింపెయ్యడం. చింపి, లోపలి కాయితాల్ని దారంతో కుట్టి, గట్టి దళసరి అట్టముక్కల మధ్య పెట్టి, వెన్నుకి కాలికో గుడ్డ అంటించి, పైన పేరు సిరాతో రాసేవాడు. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన మైదా జిగురు వాసన ఆ షాపు దాటి నాలుగు అంగళ్ళవరకూ వచ్చేది. బొమ్మతో ఉంటే పుస్తకం తిరిగి రాదని ఆయన భయం. ఇంకో సంగతి కూడా ఉంది. అలాంటి బొమ్మలున్న పుస్తకం పరువుగల ఇంట్లోకి వెళ్ళదు. అదే కాలికో బైండు చేసి పంపితే దాన్ని హైస్కూలు గ్రామరు పుస్తకం పక్కన పెట్టినా ఎవరూ అడగరు. మా అత్తయ్యలాంటి ఆడవాళ్ళు ఎందరో ఆయన ఖాతాదార్లు, ఆ కాలికో పుణ్యాన.

చింపిన అట్టల్ని మాత్రం పారేసేవాడు కాదు. షాపు ముందు ఒక తీగె కట్టి, బట్టల క్లిప్పులతో వరసగా వేలాడదీసేవాడు. ఏ నవల వచ్చిందో జనానికి తెలియాలి కదా. బస్సు కోసం నిలబడి నేను చూసినంతసేపు ఆ అట్టల్ని ఇంకెవరూ చూసి ఉండరు. నల్ల చేతిగ్లవ్సులో కత్తి. కొండ మీద ఒంటరి బంగళా, ఒక్క కిటికీలో మాత్రం దీపం. వానలో రెండు హెడ్‌లైట్లు, వాటి మధ్య పరిగెడుతున్న కాళ్ళు. అక్షరాలు కొవ్వొత్తి కరిగినట్టు కిందికి కారుతుండేవి. మా ఇంట్లో గోడకి క్యాలెండరూ, బైబిలు వాక్యం రాసిన ఒక పటమూ తప్ప బొమ్మలుండేవి కావు. నాకు తెలిసిన ఊళ్ళో రంగులంటే చేలూ, కాలువా, చీరలూ. నారింజ రంగు ఆకాశం మీద ఊదా రంగు మనిషి నిలబడగలడని, నీడ ఆకుపచ్చగా ఉండొచ్చని ఆ తీగె మీదే తెలుసుకున్నాను. ఆ బొమ్మలు వేసినవాళ్ళకి ఎవరూ సన్మానాలు చేసి ఉండరు. అచ్చు చవక, రంగులు మూడో నాలుగో, అవీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేవి కావు. అయినా ఆ కాస్తలోనే బస్టాండులో హడావుడిగా పోయే మనిషిని చెయ్యి పట్టుకుని ఆపాలి. ఆపేవారు. అది మామూలు పనితనం కాదని ఇప్పటికీ అంటాను.

ఇంకో తమాషా. పడమటి ఎండంతా ఆ తీగె మీదే పడేది. ఎండకి రంగుల్లో ముందు ఎరుపు పోతుంది. వారం తిరిగేసరికి అట్టల మీద నెత్తురు వెలిసిపోవడం మొదలయ్యేది. నెల దాటితే కత్తిపోటు తిన్న మనిషి చక్కగా భోంచేసి నిద్రపోతున్నట్టు ఉండేవాడు. మీ షాపులో శవాలు బతికొస్తున్నాయండీ అని నేనొకసారి అంటే, షాపాయన జిగురు చేత్తోనే నోరు మూసుకుని నవ్వాడు.

అద్దె పుస్తకాలకి ఒక జబ్బు ఉంటుంది. ముందు చదివిన మహానుభావుడెవడో మొదటి పేజీలోనే పెన్సిలుతో "చంపింది తమ్ముడే" అనో "నర్సుని నమ్మకండి" అనో రాసి పెడతాడు. ఒకసారి అలాంటి రాత అత్తయ్య కంటపడింది. ఆవిడ ఆ పూట అన్నం తినలేదు. ఎవరో ఆవిడ మొహం మీద తలుపేసినట్టు బాధపడింది. మర్నాడు నా చేతిలో ఒక రబ్బరు పెట్టి, "బస్సులో కూర్చుని పేజీ పేజీ చూసి చెరిపెయ్యి తల్లీ. నువ్వు మాత్రం కథ చదవకు, పరీక్షలు పాడైపోతాయి" అంది. ఆ రోజు నుంచీ అదే నా ఉద్యోగం. బస్సు ధవళేశ్వరం చేరేలోపల హంతకుణ్ణి పట్టుకుని రబ్బరుతో రుద్ది మాయం చేసేదాన్ని. పెన్నుతో రాస్తే దాని మీద కాయితం ముక్క అంటించేదాన్ని. హంతకుడెవరో తెలిసిపోయాక ఇక కథ చదవాలని ఎవరికనిపిస్తుంది? అలా అట్టలూ, హంతకులూ నా వంతుకి వచ్చాయి. కథలన్నీ అత్తయ్యవి.

అత్తయ్య ఒక్క అట్టా చూడలేదు. రాజమండ్రి రాదనేమీ కాదు, పండక్కి బట్టలకీ, పళ్ళ డాక్టరు దగ్గరకీ వచ్చేది. కానీ చర్చి స్త్రీల సమాజం పెద్ద ఆ తీగె ముందు నిలబడి ఆ చాలీచాలని బట్టల అమ్మాయిల్ని చూడటమా! షాపు ఇటుంటే ఆవిడ అటు పక్కనుంచి కొంగు కప్పుకుని వెళ్ళిపోయేది. కానీ కుతూహలం ఎక్కడికి పోతుంది? నవల పూర్తవగానే నన్ను పిలిచి, "దీని అట్ట మీద ఏముందే?" అని అడిగేది. నేను వర్ణించేదాన్ని. సగానికే ఆవిడకి కోపం వచ్చేసేది. "పామా? కథలో పామెక్కడుందే? ఆ బొమ్మేసినవాడు పుస్తకం చదివాడా అసలు?" చదవడట అని షాపాయన చెప్పాడు. మద్రాసులో బొమ్మలేసే ఆయనకి నవల పేరు చెబుతారంతే, పుస్తకం అప్పటికి రచయిత ఇంకా రాస్తూనే ఉంటాడట. ఈ సంగతి చెప్పాక అత్తయ్యకి అట్టల మీద గౌరవం పూర్తిగా పోయింది. "అట్టదేముందే, కథ చూడాలి గానీ" అనేది. అయినా అడగడం మాత్రం మానలేదు.

ఆ తరవాత నేను చదువై, ఉద్యోగమొచ్చి, పెళ్ళై రాజమండ్రిలోనే సైన్సు టీచరుగా స్థిరపడ్డాను. టీవీలొచ్చాక ఆ షాపు మూసేశారు. తీగె కట్టిన చోట ఇప్పుడు మొబైల్ రీచార్జి బోర్డు ఉంది. మావయ్య పోయాడు. అత్తయ్య మాత్రం చదువుతూనే ఉంది. కొత్తవి లేకపోతే చదివినవే చదివింది, అవీ చినిగిపోతే వారపత్రికలు చదివింది, పొట్లం కట్టిన కాయితమైనా విప్పి చదివింది. ఎనభై దాటాక రెండేళ్ళ కిందట కళ్ళు మసకేశాయి. శుక్లాలైతే తీసేశారు గానీ, లోపల రెటీనా మధ్యలో మచ్చ వచ్చిందట. చుట్టూ కనిపిస్తుంది, సరిగ్గా చూడాలనుకున్న చోటే కనిపించదు. మనిషి వస్తే చీర కనిపిస్తుంది, మొహం కనిపించదు. అక్షరాల సంగతి ఇక మర్చిపోమన్నారు డాక్టరుగారు. అత్తయ్య నిజంగానే మర్చిపోయింది. కళ్ళజోడు తీసి కూతురికిచ్చేసింది. గుమ్మంలో కూర్చోవడం మానేసి, మంచం మీద గోడకేసి తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది.

ఆ కూతురు, నా మరదలు, బ్యాంకులో పనిచేస్తుంది, తల్లిని కంటికి రెప్పలా చూసుకుంటుంది. తను ఫోను చేసి ఏడ్చింది. "అమ్మ మాట్లాడటం మానేసింది వదినా. అన్నం తినమంటే తింటుంది, లేవమంటే లేస్తుంది, అంతే. నోరు విప్పితే ఒకటే మాట, పొద్దున్న లేచి ఏం చెయ్యాలే అని అడుగుతోంది. నేనేం చెప్పను?" రేడియో కొనిచ్చింది, ఫోన్లో కథలు పెట్టింది, వినలేదట. నేను రెండుసార్లు వెళ్ళి వచ్చాను. నా చెయ్యి పట్టుకుని కూర్చుంది గానీ పెదవి విప్పలేదు. ఎంత మాటకారి మనిషి! బస్సు దిగి ఇంటికొస్తూ, ఈ మనిషి ఇలా దీపం తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ ఆరిపోతుందేమోనని నాకు భయమేసింది. ఆ భయంలో ఉన్నప్పుడే గ్రూపులో పచ్చ మొహం అట్ట వచ్చింది.

ఆ మధ్యాహ్నమే మా ఆయన టాబ్లెట్టు పట్టుకుని ధవళేశ్వరం వెళ్ళాను. వైద్యం అనుకునేమీ కాదు. నాకే ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. "అత్తయ్యా, నువ్వు చదివిన ఒక నవల అట్ట దొరికింది, చూస్తావా?" అన్నాను. "అక్షరాలే కనిపించవు, అట్ట నాకెందుకే" అంది గోడకేసే చూస్తూ. నేను వినిపించుకోకుండా బొమ్మని తెరంతా వచ్చేలా పెద్దది చేసి ఆవిడ మొహం ముందు పట్టుకున్నాను. అత్తయ్య నెమ్మదిగా తల పక్కకి తిప్పింది. కోడి గింజని చూసినట్టు, ఒక కంటితో, ఓరగా. మధ్యలో మచ్చ ఉన్నవాళ్ళు అలా పక్కచూపుతో చూస్తే పెద్ద పెద్దవి కాస్త పట్టుబడతాయని నాకు ఆ రోజుదాకా తెలియదు. ఆవిడకీ తెలియదనుకుంటాను.

"ఈ పచ్చగా ఉన్నదేంటి, మొహమా?" అంది.

"మొహమే. ముందు మెట్ల మీద నీలం చీర అమ్మాయి."

"మెట్లు ఉన్నాయి. మేడ మీది గది తాళం పోయిన కథ కదూ?" పేరు చదివి చెప్పాను. అత్తయ్య లేచి కూర్చుంది. బ్యాంకు సెలవై ఇంట్లో ఉన్న మరదలు వంటింట్లోంచి గరిటెతో వచ్చి గుమ్మంలో అలాగే నిలబడిపోయింది.

"అదేనే! అయితే ఆ పచ్చమొహం ఎవరు? కథలో పచ్చమొహం ఎవరికీ లేదే!"

"హంతకుడేమో. కాంపౌండరు" అన్నాను.

"కాంపౌండరా? ఎవరు చెప్పారే నీకు? కాంపౌండరు పాపం రెండో అధ్యాయంలోనే చచ్చిపోయాడు!"

ఇన్నేళ్ళూ ఒక నిర్దోషిని హంతకుడనుకుంటూ బతికాను. ఆ పెన్సిలు రాసినవాడు కావాలనే రాశాడన్నమాట. వాడు రాసిన అబద్ధాన్ని నేను భద్రంగా దాచుకున్నాను. నేను నవ్వడం చూసి, మరి కథేంటో చెప్పు అని కూడా అననివ్వకుండా అత్తయ్య మొదలుపెట్టింది. జమీందారు పోవడం, వీలునామా, మేడ మీది గది, రోజూ పాలు పోయడానికొచ్చే మనిషి ఒకనాడు వెనక గుమ్మం నుంచి రావడం. ఎక్కడ ఆపాలో అక్కడ ఆపింది, ఎక్కడ గొంతు తగ్గించాలో అక్కడ తగ్గించింది. పొయ్యి మీద పప్పు అడుగంటి వాసన వచ్చిందాకా మరదలు కదల్లేదు. చదువు పేరు చెప్పి నాకు ఆవిడ ఇవ్వని కథ, నా చదువూ ఉద్యోగమూ అన్నీ అయిపోయాక ఆ రోజు నాకు దక్కింది.

ఇంటికెళ్ళి గ్రూపులో చెప్పాను. వాళ్ళ దగ్గర అట్టలున్నాయి, కథల్లేవు. మా అత్తయ్య దగ్గర కథలున్నాయి, అట్టల్లేవు. ఇక చూడాలి వాళ్ళ హడావుడి. రోజుకో అట్ట పంపడం మొదలుపెట్టారు. మరదలు బ్యాంకు నుంచి రాగానే, నేను అక్కడే వదిలేసి వచ్చిన టాబ్లెట్టులో చూపించి, ఫోన్లో రికార్డు చేసి పంపేది. "ఇవాళ అమ్మ ముగ్గుర్ని చంపింది వదినా!" అని నాకు ఫోను చేసి నవ్వేది. అత్తయ్య పొద్దున్నే తలస్నానం చేసి ముడేసుకుని, అట్ట వచ్చిందా అని అడగడం మొదలుపెట్టిందట. బొమ్మల మీద తగాదా మాత్రం మానలేదు. ఇన్నాళ్ళూ నా నోటి మాట మీద తిట్టినవాళ్ళని ఇప్పుడు సొంత కంటితో చూసి తిడుతోంది. ఒక్క విషయం మాత్రం ఒప్పుకుంది. "రంగులు బాగుంటాయే. నువ్వు రంగులు సరిగ్గా చెప్పేదానివి కాదు."

ఒకరోజు గ్రూపులో పెద్ద రభస అయింది. అత్తయ్య చెప్పిన ఒక కథ తాలూకు అసలు పుస్తకం ఎవరికో దొరికింది. పుస్తకంలో హంతకుడు లాయరు. అత్తయ్య చెప్పిన కథలో లాయరు చాలా మంచివాడు, హంతకుడు అతని బావమరిది. ఈ సంగతి భయపడుతూనే ఆవిడకి చెప్పాను. బాధపడుతుందేమో, జ్ఞాపకం కూడా పోతోందని మళ్ళీ గోడకేసి తిరుగుతుందేమోనని నా బెంగ. అత్తయ్య ఏమీ కంగారు పడలేదు. "తెలుసే. లాయరని రాశాడు వాడు. కానీ హత్య సమయానికి లాయరు కోర్టులో ఉన్నట్టు ముందే రాసేసుకున్నాడు, చూసుకోలేదు. అప్పుడే నేను దాన్ని సరిచేసి పెట్టుకున్నాను. ఉన్నదున్నట్టు కావాలంటే వాళ్ళు పుస్తకమే చదూకోవచ్చుగా!" అంది. ఇన్నేళ్ళూ ఆవిడ నవలలు చదువుతోందని అనుకున్నాం గానీ, మనసులో తిరగరాస్తోందని మాకెవరికీ తెలియదు. ఆ లెక్కన కాంపౌండరు నిజంగా నిర్దోషో, ఆవిడ దయతలచి వదిలేసిందో కూడా నేను చెప్పలేను.

పోయిన ఆదివారం చర్చి అయ్యాక పిఠాపురం మెడికల్ షాపు ఆయన అత్తయ్యని చూడటానికి వచ్చారు. నలభై లోపు మనిషి, చాలా వినయం. ఆల్బమ్ నిండా అట్టలు. "ఆయ్, మీ కథలు విని మా ఆవిడ కూడా అట్టలంటే తిట్టడం మానేసిందండి" అన్నారు. ఆదివారం నవలలు ముట్టుకోని నియమం సంగతి నేను గుర్తు చేస్తే, ఇవి నవలలు కావుగా, బొమ్మలు అంది అత్తయ్య. ఆయన ఒక్కొక్కటే చూపిస్తున్నారు. ఒక అట్ట దగ్గర మాత్రం చెయ్యి ఆపి, పక్కన పెట్టబోయారు. "ఇది వద్దులెండి. దీనికి కథ లేదు. అట్ట అచ్చేశారు గానీ, ఈలోపు ఆ కంపెనీ మూతపడిపోయిందట, పుస్తకం రానేలేదు. అసలు రాశారో లేదో కూడా తెలియదు."

"ఇటివ్వండి" అంది అత్తయ్య.

ఓరగా చాలాసేపు చూసింది. ఒక పడవ, దాని చుట్టూ పసుపు రంగు నీళ్ళు, ఒడ్డున గొడుగు పట్టుకుని వెనక్కి తిరిగి ఉన్న ఒక ఆడమనిషి. అంతకన్నా ఏమీ లేదు. కత్తి లేదు, తుపాకీ లేదు. "పడవలో ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. లేరన్నాం. "ఆ అమ్మాయి చెప్పులు వేసుకుందా?" మరదలు ఆల్బమ్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, లేదమ్మా, ఒట్టి కాళ్ళే అంది. "నీళ్ళు పసుపేంటి? వరద నీళ్ళా, పొద్దుగూకే వేళా?" ఆయన తెల్లబోయి, తెలియదండి అన్నారు. అత్తయ్య కాసేపు వేళ్ళతో ఒళ్ళో ఏదో లెక్కేసుకుంది. తరవాత, పట్టిసీమ రేవులో జనం దిగి వెళ్ళిపోయాక ఒక పడవ మిగిలిపోయింది అంటూ మొదలుపెట్టింది.

మేం ముగ్గురం తప్ప ఈ లోకంలో ఎవరూ వినని కథ అది. ఎవరూ రాయలేదు, ఎక్కడా అచ్చు కాలేదు. గొడుగు ఆ అమ్మాయిది కాదు, చెప్పులు పడవలో వదిలేసింది, పడవ నడిపినవాడు ఈత వచ్చినవాడే. మెడికల్ షాపు ఆయన రికార్డు చెయ్యడం మర్చిపోయి నోరు తెరుచుకుని వింటున్నారు. తీరా పోలీసు సబిన్‌స్పెక్టరు రేవులోకి దిగేసరికి అత్తయ్య ఠక్కున ఆగిపోయింది. "చెప్పండి మామ్మగారూ, ఎవరు చంపారు?" అన్నారు ఆయన చిన్నపిల్లాడిలా.

"నాకు మాత్రం ఏం తెలుసు? ఇంకా తెలియాలి" అంది అత్తయ్య. మమ్మల్నందర్నీ ఒకసారి పక్కచూపు చూసి, "మీరు వెళ్ళండి. ఇంతమంది కూర్చుంటే ఆలోచన సాగదు. ఆ గొడుగు ఎవరిదో ముందు తేలాలి" అని, కూతుర్ని పిలిచి కుర్చీ తెచ్చి వెనక గుమ్మం దగ్గర వెయ్యమంది.

నాకు ఏడుపొచ్చింది. సంతోషమే అది, ఇంకేం కాదు. పొద్దున్న లేచి ఏం చెయ్యాలే అని అడిగిన మనిషి, ఇప్పుడు పనుంది వెళ్ళండని మమ్మల్ని గదమాయించి పంపేసింది. మరదలు వీధి గుమ్మం దాకా వచ్చి నా చెయ్యి నొక్కి వదిలింది. రాజమండ్రి బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు ఆవిడ గురించే ఆలోచించాను. పని ఉన్నవాళ్ళకి వయసు మీదపడదని నేనేమీ అనను. పడుతుంది, కళ్ళూ పోతాయి, చివరికి మనిషీ వెళ్ళాల్సిందే. కానీ తేలాల్సిన సంగతి ఒకటి మిగిలి ఉన్న మనిషి ఇంట్లోకి కాలం మరీ చొరవగా రాదనీ, ఆవిడ పని అయ్యేదాకా వీధి అరుగు మీద మర్యాదగా కూర్చుంటుందనీ ఆ సాయంత్రం నాకు గట్టిగా అనిపించింది.